అట్టల మధ్య అస్థిపంజరం

నన్నొక అస్థిపంజరం పట్టుకుంది. దయ్యం పట్టినవాళ్లనైతే మా కృష్ణగిరి జిల్లా కల్లావి వైపు ఏ గుడికి తీసుకెళ్లాలో అందరికీ తెలుసు. నన్ను ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం ఇంట్లోవాళ్లకు పాలుపోవడం లేదు. నన్ను పట్టుకున్నది 1543లో స్విట్జర్లాండు వైపు బాసెల్ పట్నంలో అచ్చయిన ఒక పుస్తకంలోని బొమ్మ మరి! గొయ్యి తవ్వడం అప్పుడే ఆపినట్టు పార మీద చెయ్యి ఆనించి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడ్డ ఎముకల గూడు. కాళ్ల దగ్గర గడ్డి, వెనక కొండలు. ఒక్క కండ లేదు, చర్మం లేదు, కళ్లు లేవు. అయినా ఆ నిలబడడంలో ఎంత దుఃఖం! చచ్చి, కండంతా రాలిపోయాక కూడా దేవుణ్ని ఏదో అడుగుతున్నాడు ఆ మనిషి.

పాత అనాటమీ పుస్తకాలు! అచ్చుయంత్రం పుట్టిన తొలి రెండు మూడు వందల ఏళ్లలో, మనిషి ఒంటి లోపలి సంగతులను చెక్క మీదా రాగిరేకు మీదా చెక్కి కాగితం మీదికి దించిన పుస్తకాలు. వాటి కోసం దేశాలు తిరిగేవాళ్లు, వేలంలో కోట్లు పాడేవాళ్లు, ఒక్కో ప్రతి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో వంశవృక్షం రాసి పెట్టేవాళ్లు ఉన్నారట. ఇంత గొప్ప పిచ్చి లోకంలో ఉండగా నాకు ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదేం?

చెప్పింది తంజావూరు గోడ. పెద్దగుడి చూద్దామని సేలం, తిరుచ్చి మీదుగా వెళ్లినవాళ్లం మధ్యాహ్నం ఎండకు ఆగలేక కోటలోని సరస్వతీ మహల్ మ్యూజియంలో దూరాం. తెలుగు నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజుల చేతుల్లో పెరిగిన పుస్తక భాండారం అది. తాటాకుల ముందు నిలబడి మన అక్షరాలు పోల్చుకుంటూ పోతుంటే, గోడ మీద కొన్ని ముఖాలు కనిపించాయి. మనిషి ముఖం పక్కనే జంతువు ముఖం. గుడ్లగూబను పోలిన మనిషి, ఎద్దును పోలిన మనిషి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఆస్థాన చిత్రకారుడు షార్ల్ లె బ్రన్ గీసినవి. ఆయన పోయాక నూరేళ్లు దాటి, 1806లో పారిస్‌లో ఆ బొమ్మలు పెద్ద పుస్తకంగా వచ్చాయి. పారిస్ బొమ్మలకు కావేరి ఒడ్డున ఏం పని?

ఆ పని పెట్టినవాడు రెండో శరభోజి మహారాజు. 1798లో గద్దెనెక్కాడు. మరుసటేడే ఈస్టిండియా కంపెనీ ఒప్పందం రాయించుకుని పాలన మొత్తం తీసేసుకుంది. రాజ్యం పోయింది, కోట మిగిలింది. ఆ మిగిలిన కోటలో కూర్చుని ఆయన పుస్తకాలు కొన్నాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, లాటిన్ ఏదైనా సరే, వైద్యం, రసాయనం, జంతువులు, మొక్కలు ఏవైనా సరే, వేల సంఖ్యలో ఓడల మీద తెప్పించుకున్నాడు. ఎన్నింటి మీదో ఇంగ్లీషులో తన సంతకం పెట్టుకున్నాడు. చిన్ననాట ష్వార్ట్జ్ అనే జర్మన్ మిషనరీ దగ్గర చదువుకున్న మనిషి ఆయన. 1826లో బిషప్ హీబర్ తంజావూరు వచ్చినప్పుడు లవాజియే, లినేయస్, బుఫాన్ వంటి శాస్త్రవేత్తల మాటలు ఈ రాజు నోట ధారాళంగా విని ఆశ్చర్యపోయి రాసుకున్నాడు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. 1804లో తంజావూరు వచ్చిన లార్డ్ వాలెన్షియా అనే ఇంగ్లీషు యాత్రికుడు దాన్ని రాశాడు. శరభోజికి మనిషి శరీరం లోపల ఏముందో నేర్చుకోవాలని ఉంది. కానీ శవాన్ని ముట్టుకుంటే మైల. ఎముకను ముట్టుకున్నా మైలే. అందుకని ఏనుగు దంతంతో చేసిన అస్థిపంజరం కావాలనుకున్నాడట. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ముట్టుకోకూడదు, కానీ తెలుసుకోవాలి. ఆ రెంటి మధ్య ఇరుక్కున్న రాజుకు దారి చూపించినవి దంతమూ, పుస్తకమూ. అచ్చుబొమ్మలో ఎముకను వేలితో తడమవచ్చు, స్నానం చెయ్యక్కర్లేదు! ఆయన కోటలో కంటి జబ్బుల వైద్యం కూడా జరిగింది. రోగుల కళ్ల బొమ్మలతో సహా ఆ రికార్డులు సరస్వతీ మహల్‌లో దొరికాయి. చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు వాటిని పరిశీలించి వైద్య పత్రికల్లో రాశారు కూడా.

ముట్టుకోవడం అనే ఈ చిక్కు కొత్తది కాదు. సుశ్రుత సంహితలో శారీరస్థానం ఐదో అధ్యాయం చూడండి. శల్యవైద్యం నేర్చుకునేవాడు శవాన్ని ఎలా పరీక్షించాలో చెబుతుంది. విషంతో చచ్చినవాడు కాకూడదు, దీర్ఘరోగి కాకూడదు, నూరేళ్లు నిండినవాడు కాకూడదు. పేగులు తీసేసి, ఒంటికి గడ్డి చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో మరుగుచోట ఏడు రాత్రులు ఉంచాలి. బాగా మెత్తబడ్డాక బయటికి తీసి, వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం నుంచి మొదలుపెట్టి ఒక్కో పొరనూ కళ్లతో చూడాలి. చదివినదీ చూసినదీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని దాని సారాంశం. కత్తి లేదు, కుంచె ఉంది. ఎంత తెలివి! సుశ్రుతుడి లెక్కలో ఎముకలు 300, చరకుడి లెక్కలో 360, ఇప్పటి లెక్కలో 206. ఆ తేడాలు ఎలా వచ్చాయో తేల్చడానికి హార్న్‌లే అనే పండితుడు 1907లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పుస్తకమే వేశాడు. అది కూడా ఇప్పుడు సేకరించేవాళ్లు వెతికే పుస్తకమే.

ఇక నా అస్థిపంజరం దగ్గరికి వద్దాం. దాని తండ్రి పేరు ఆండ్రియాస్ వెసాలియస్. 1514లో బ్రస్సెల్స్‌లో పుట్టాడు. ఇరవై మూడేళ్లు నిండకుండానే ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యం బోధించే పదవి. ఇరవై ఎనిమిదేళ్లకు ‘దె హ్యుమాని కార్పోరిస్ ఫాబ్రికా’ అనే మహాగ్రంథం. దాదాపు ఏడు వందల పేజీలు, రెండు వందలకు పైగా బొమ్మలు. ఆ ఏడాది, 1543లో, మన వైపు విజయనగరం సింహాసనం మీద సదాశివరాయలు, ఆయన పేరు మీద అధికారం చేస్తున్నది అళియ రామరాయలు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ గ్రంథం వచ్చింది కూడా ఆ ఏడాదే. పైనున్న ఆకాశమూ లోనున్న దేహమూ ఒకే సంవత్సరంలో అచ్చుకెక్కాయి!

వెసాలియస్ చేసిన గొప్ప పని కుర్చీ దిగడం. అంతకుముందు పాఠం ఎలా జరిగేదో 1490లలో వెనిస్‌లో అచ్చయిన కేథమ్ వైద్యగ్రంథంలో బొమ్మ ఉంది. ఆచార్యుడు ఎత్తైన పీఠం మీద కూర్చుంటాడు. కింద బల్ల మీద శవం. కోసేది ఇంకొకడు. ఐరోపాలో ఆ పని ఎక్కువగా క్షురకులది. మన పల్లెల్లోనూ గడ్డలు కోసి కట్లు కట్టింది క్షురక వృత్తివారే కదా! చదివినవాడు ముట్టుకోడు, ముట్టుకున్నవాడు చదవలేదు. పైనున్నవాడు పుస్తకం చెప్పినదే చెప్పేవాడు, కింద బల్ల మీద వేరే ఏదైనా కనబడినా సరే. ఇప్పుడు ఫాబ్రికా ముఖచిత్రం చూడండి. పీఠం లేదు. ఆ చోట ఒక అస్థిపంజరం. వెసాలియస్ కిక్కిరిసిన జనం మధ్యలో, బల్ల పక్కన నిలబడి, తన చెయ్యి శవం మీద వేసి చూపిస్తున్నాడు. పని పోయిన క్షురకులు బల్ల కింద కత్తులు నూరుకుంటూ కీచులాడుకుంటున్నారు. ఒక పక్క కోతి, ఒక పక్క కుక్క.

ఆ కోతి ఊరికే రాలేదు. అప్పటికి పదమూడు వందల ఏళ్లుగా వైద్యంలో గాలెన్ అనే ప్రాచీన గ్రీకు వైద్యుడి మాటే వేదం. ఆయన మనిషిని కొయ్యలేదు, కోతుల్నీ పందుల్నీ కోసి మనిషి గురించి రాశాడు. కింది దవడ రెండు ఎముకలన్నాడు. వెసాలియస్ చూస్తే ఒక్కటే. రొమ్ము ఎముకలో ఏడు భాగాలన్నాడు. చూస్తే మూడే. మెదడు అడుగున అద్భుతమైన రక్తనాళాల వల ఉందన్నాడు. అది పశువుల్లో ఉంటుంది, మనిషిలో లేదు. మగవాడికి ఒక పక్కటెముక తక్కువని జనం నమ్మేవారు. ఎంచి చూస్తే ఆడా మగా ఇద్దరికీ సమానమే. రెండు వందలకు పైగా ఇలాంటి దిద్దుబాట్లు. గురువు మాట ఒక చెవిలో, చేతి కింద ఎముక. ఈ కుర్రవాడు ఎముకను నమ్మాడు!

బొమ్మల సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడదు. చర్మం తీసిన మనుషులు పొలాల్లో, కొండల మధ్య ఠీవిగా నిలబడి ఉంటారు. పేజీ తిప్పేకొద్దీ ఒక్కో కండర పొర ఊడుతుంది. చివరికి ఎముకల మీద పేలికలు వేలాడుతూ గోడకు ఆనుకుని నిలబడతాడు. ఆ బొమ్మల్ని పక్కపక్కన పేరిస్తే వెనకనున్న కొండలు, వంతెనలు, ఊళ్లు అన్నీ కలిసి ఒకే దృశ్యం అవుతుంది. పాదువా దగ్గరి కొండలవి. అధ్యాయాల తొలి అక్షరాల్లో కూడా వదల్లేదు. బొద్దు పసివాళ్లు జంతువును కోస్తూ, శవాన్ని మోసుకొస్తూ ఆడుకుంటుంటారు. ఈ బొమ్మలు గీసింది టిషియన్ అనే మహాచిత్రకారుడి శిష్యవర్గమని అంటారు. పేర్ చెట్టు చెక్కల మీద వెనిస్‌లో చెక్కించి, కంచర గాడిదల మీద ఆల్ప్స్ కొండలు దాటించి బాసెల్ ముద్రాపకుడు ఒపోరినస్‌కు చేర్చారు. ఆ చెక్కలు నాలుగు శతాబ్దాలు బతికాయి. 1934లో మ్యూనిక్‌లో వాటితోనే మళ్లీ బొమ్మలు తీశారు. పదేళ్లకు యుద్ధంలో బాంబులు పడి అన్నీ కాలిపోయాయి. చదివి నేను తల పట్టుకున్నాను.

పుస్తకాలు మాత్రం మిగిలాయి. 1543, 1555 ముద్రణలు రెండూ కలిపి ప్రపంచంలో ఏడు వందలకు పైగా ప్రతులు ఇంకా ఉన్నాయని ముగ్గురు పరిశోధకులు ఒక్కో ప్రతినీ వెతికి 2018లో పుస్తకం వేశారు. ఏ ప్రతిలో ఎవరు ఏం రాశారు, ఎవరు మర్మాంగాల బొమ్మల మీద సిరా పూశారు, అన్నీ లెక్క రాశారు. సేకరించేవాళ్ల లోకం ఇక్కడ తెలుస్తుంది. వాళ్లు ముందు పేజీలు ఎంచుతారు. ఎందుకంటే పటాలు కట్టి అమ్ముకోవడానికి బొమ్మల్ని చింపేసిన ప్రతులు ఎక్కువ. అంచులు కత్తిరించారా, చెద తిన్న చిల్లులు అక్షరాల దాకా వచ్చాయా, అట్ట నాటిదేనా అని చూస్తారు. మనమైతే రాతలున్న పుస్తకం పాడైందంటాం. వాళ్లు మార్జిన్‌లో పాత చేతిరాత కనిపిస్తే ఎగిరి గంతేస్తారు!

గంతేసేలాంటి కథ నిజంగానే జరిగింది. కెనడాలో ఒక పాథాలజిస్టు 2007లో వేలంలో 1555 ముద్రణ ప్రతి ఒకటి కొన్నాడు. మార్జిన్ల నిండా లాటిన్‌లో కొట్టివేతలు, చేర్పులు. ఎవరివో ఏమో అని కూర్చుని పరిశీలించాడు. చివరికి వివియన్ నట్టన్ అనే వైద్యచరిత్ర పండితుడు ఆ చేతిరాత స్వయంగా వెసాలియస్‌దేనని తేల్చాడు. మూడో ముద్రణ కోసం తన పుస్తకాన్ని తనే దిద్దుకుంటున్న ప్రతి అది! ఆ ముద్రణ రాకుండానే 1564లో ఆయన పోయాడు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ వేలంలో ఆ ప్రతి 22 లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. కొన్నది బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం. వెసాలియస్ కుర్రవాడిగా చదువుకున్న ఊరికే ఆయన చేతిరాత తిరిగి చేరింది.

ఇంకో విచిత్రం వినండి. ఫాబ్రికా కంటే అరుదైనది ఫాబ్రికాకు చౌక తమ్ముడు. విద్యార్థుల కోసం వెసాలియస్ 1543లోనే ‘ఎపిటమి’ అని కొద్ది పేజీల పుస్తకం వేశాడు. అందులో అవయవాల బొమ్మల్ని కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించి, కాగితపు మనిషిని తయారుచేసుకోవాలి. కుర్రాళ్లు కత్తిరించారు, అంటించారు, చింపారు, పారేశారు. నిరుటి పంచాంగాన్ని ఎవరు దాచుకుంటారు? అలాగే పోయాయి. ఖరీదైన ఫాబ్రికా బీరువాల్లో భద్రంగా కూర్చుంటే, చేతుల్లో నలిగిన ఎపిటమి కనబడకుండా పోయింది. ఎక్కువమంది వాడుకున్నదే తక్కువ మిగులుతుంది. పాత పుస్తకాల లోకంలో నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇదే.

వెసాలియస్ తర్వాత గేట్లు తెరుచుకున్నాయి. 1556లో రోమ్‌లో వాల్వెర్దే అనే వైద్యుడి పుస్తకం వచ్చింది. అందులో ఒక మనిషి తన చర్మం తనే వొలిచి, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో ఆ చర్మం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఫోన్‌లో మా అవ్వకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, “చొక్కా విప్పినట్టు విప్పేసినాడు కదరా, పాపం చలెయ్యదా?” అంది. నాలుగున్నర శతాబ్దాలుగా పండితులు రాసిన వ్యాఖ్యానాలు ఒక పక్క, మా అవ్వ మాట ఒక పక్క!

1628లో హార్వే రక్తప్రసరణ పుస్తకం ఫ్రాంక్‌ఫర్ట్‌లో వచ్చింది. డెబ్బై రెండు పేజీలు, నాసి కాగితం, ఎక్కడ చూసినా అచ్చుతప్పులు. గుండె రక్తాన్ని తోడి పంపుతుందనీ, అది తిరిగి గుండెకే వస్తుందనీ లోకానికి రుజువు చేసింది ఆ సన్నటి పుస్తకమే. 1685లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బిడ్లూ అనే వైద్యుడు పెద్ద అనాటమీ గ్రంథం వేశాడు. అందులో చిత్రకారుడు లైరెస్ శవాన్ని కట్టిన తాళ్లూ, గుచ్చిన సూదులూ, ఆఖరికి వాలిన ఈగను కూడా వదలకుండా గీశాడు. ఆ బొమ్మలనే తీసుకుని 1698లో ఇంగ్లండులో కౌపర్ అనే వైద్యుడు తన పేరుతో పుస్తకం వేసుకున్నాడు. పాత ముఖచిత్రం మీద తన పేరున్న కాగితం ముక్క అంటించి మరీ! బిడ్లూ మండిపడి లండన్ రాయల్ సొసైటీకి ఫిర్యాదు చేశాడు. సేకరించేవాళ్లు ఇప్పుడు ఆ ఇద్దరి పుస్తకాలనూ పక్కపక్కనే పెట్టుకుంటారట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1747లో లైడెన్‌లో వచ్చిన ఆల్బినస్ పుస్తకం. చిత్రకారుడు వాండెలార్ అస్థిపంజరం ముందు గళ్లు గళ్లుగా దారాల వలలు కట్టి, ఒక్కో గడిలో కనబడినంత మేరకే కొలిచి గీశాడు. అంత నిక్కచ్చి మనిషి ఉన్నట్టుండి ఒక బొమ్మలో అస్థిపంజరం వెనక ఖడ్గమృగాన్ని నిలబెట్టాడు! ఎవరిదో కాదు, మన దేశపు ఖడ్గమృగం. బెంగాల్ నుంచి ఒక డచ్చి ఓడ కెప్టెన్ 1741లో తీసుకెళ్లి, క్లారా అని పేరు పెట్టి, ఐరోపా అంతా తిప్పి టిక్కెట్టు పెట్టి చూపించిన జంతువు. ముందు ఎముకలు, వెనక అంత మందం తోలు. తప్పిపోయిన మనూరి మనిషి పరాయి సంతలో కనబడ్డంత సంబరమైంది నాకు.

ఈ పుస్తకాలు సముద్రాలు దాటాక ఏం చేశాయో జపాన్ చెబుతుంది. 1771లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, సుగితా గెన్‌పాకు, మాయెనో ర్యోతాకు అనే వైద్యులు కుల్ముస్ అనేవాడు రాసిన అనాటమీ పుస్తకపు డచ్చి ప్రతిని చేత్తో పట్టుకుని వధ్యస్థలానికి వెళ్లారు. అక్కడ శిక్షపడిన స్త్రీ శవాన్ని కోస్తుంటే పుస్తకంలో బొమ్మనూ, ఎదురుగా ఉన్న దేహాన్నీ పోల్చి చూశారు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అప్పటిదాకా తాము చదివిన చైనా వైద్యపు పటాలు సరిపోలేదు. ఆ పుస్తకాన్ని పట్టుదలగా అనువదించి 1774లో అచ్చువేశారు. కానీ ఆ రోజు కోసింది వాళ్లు కాదు. తొంభై ఏళ్ల ముసలాయన. ఊరు అంటరానివాళ్లుగా పెట్టిన కులం మనిషి. ఇది గుండె, ఇది కాలేయం అని వేలు పెట్టి చూపించాడాయన. పుస్తకంలో పేరు వైద్యులది.

ఇక్కడ నాకు ఒక్కసారిగా అన్నీ కలిశాయి. బల్ల కింద కీచులాడుకుంటున్న క్షురకులు, ఎడోలో ముసలాయన, తంజావూరు రాజు దంతపు ఎముకలు, ఊరి చివర శవాన్ని మోసి కాల్చే మన పల్లె మనుషులు. దేహం లోపల ఏముందో అన్నిచోట్లా ముందుగా చేతులకు తెలుసు. ఆ చేతులకు మాత్రం అక్షరం ఇవ్వలేదు. పాత అనాటమీ పుస్తకం అంటే చదువు మైలను దాటి కిందికి దిగొచ్చి, ఆ చేతుల పక్కన నిలబడ్డ ఘట్టం. ఇంత నాటకం ఇంకే శాస్త్రపు పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

మన దేశంలో ఆ ఘట్టం కాస్త ఆలస్యంగా వచ్చింది. 1820 ప్రాంతంలో సెరాంపూర్ మిషన్ అచ్చు నుంచి ఫెలిక్స్ కేరీ బెంగాలీలో ‘విద్యాహారావళి’ అనే అనాటమీ గ్రంథం తెచ్చాడు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో పండిత మధుసూదన గుప్త తన చేత్తో శవాన్ని కోశాడు. ఆయన ఆయుర్వేదం చదివిన వైద్యుడు. ఇంగ్లీషు అనాటమీ పుస్తకాన్ని సంస్కృతంలోకి తెచ్చిందీ ఆయనే. వెసాలియస్ దిగిన కుర్చీ మన దగ్గర దిగింది మధుసూదన గుప్త. తమిళంలోకి ఆ శాస్త్రాన్ని తెచ్చింది శ్రీలంకలోని యాళ్పాణంలో (జాఫ్నాలో) పనిచేసిన శామ్యూల్ గ్రీన్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు, 1850ల దశకంలో. మన భాషలో మొదటి అచ్చు పుస్తకాలు 1746, 47లలో జర్మనీలోని హాలేలో వచ్చినా, శాస్త్రగ్రంథాలు వరసగా రావడానికి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టాల్సి వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్న ఆచంట లక్ష్మీపతి వంటివాళ్లు ఆ మండలి కోసం కలం పట్టారు.

మెడికల్ స్టూడెంట్లందరికీ తెలిసిన ‘గ్రేస్ అనాటమీ’లో కూడా మన దేశపు దారం ఉంది. 1858లో లండన్‌లో వచ్చిన తొలి ముద్రణకు మాటలు హెన్రీ గ్రేవి, బొమ్మలు హెన్రీ వాన్‌డైక్ కార్టర్‌వి. ఒక్కో ఎముక మీదే దాని పేరు రాసిన ఆ బొమ్మలే పుస్తకాన్ని నిలబెట్టాయి. అయినా పేరు గ్రేకి దక్కింది. కార్టర్ ఆ ఏడాదే ఓడెక్కి బొంబాయి వచ్చి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. మన రైతుల కాళ్లను తినేసే ‘మదురా ఫుట్’ అనే జబ్బు మీద 1874లో గొప్ప గ్రంథం రాశాడు. గ్రే ముప్పై నాలుగేళ్లకే మశూచితో పోయాడు. కార్టర్ మన మధ్యే పనిచేశాడంటే ఆ పుస్తకం మీద నాకు కొత్తగా ప్రేమ పుట్టింది.

“కోట్లు పెట్టి కొంటావా?” అని ఇంట్లో అడుగుతున్నారు. ఆ కోట్లు మామిడితోపులున్న మా జిల్లాలోనూ ఎవరి దగ్గరా ఊరికే లేవు. కానీ ఈ పిచ్చికి డబ్బు అవసరం లేదు. 1543 ఫాబ్రికా మొత్తం స్విస్ గ్రంథాలయాలు నెట్‌లో పెట్టాయి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వెసాలియస్, వాల్వెర్దే, బిడ్లూ, ఆల్బినస్ పుస్తకాల్లోని బొమ్మల్ని ఉచితంగా చూపిస్తుంది. లండన్ వెల్‌కమ్ కలెక్షన్ కూడా అంతే. కల్లావిలో మొబైల్ సిగ్నల్ ఉన్నచోట నిలబడి, ఒకప్పుడు చక్రవర్తికి అంకితమిచ్చిన పేజీల్ని వేళ్లతో పెద్దవి చేసి చూస్తున్నాను. చేత్తో పట్టుకోవాలనిపిస్తే వెసాలియస్ బొమ్మల పునర్ముద్రణలు మామూలు ధరకే దొరుకుతాయి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు పాత పుస్తకాల దుకాణాల్లో డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి గ్రేస్ అనాటమీలు ఇంకా కనబడతాయి. ఏదో ఒక విద్యార్థి పేరు, కాలేజీ ముద్ర, పరీక్షల ముందు భయంగా గీసిన గీతలు ఉన్న ప్రతి దొరికితే వదలకండి. అదే సిసలైన సేకరణకు మొదటి మెట్టు.

కృష్ణగిరిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లలు మొదటి ఏడాదే శవం పక్కన నిలబడతారు. వాళ్ల లైబ్రరీలో, కనీసం ఒక గోడ మీద, ఆ పార పట్టుకున్న అస్థిపంజరం, ఆ ఖడ్గమృగం ఉండాలి. తాము ఏ వరసలో నిలబడ్డారో ఆ పిల్లలకు తెలియాలి.

మీకు ఒక మనవి. మన ఊళ్లలో నాటువైద్యుల ఇళ్లలో, పాత డాక్టర్ల అటకల మీద, మంత్రసాని పని చేసిన అవ్వల పెట్టెల్లో తెలుగు, తమిళ వైద్య పుస్తకాలు ఇంకా ఉన్నాయి. అట్ట ఊడిందనో, భాష అర్థం కాలేదనో కిలోల లెక్కన అమ్మేస్తున్నాం. ఎపిటమికి పట్టిన గతే వాటికీ పడుతుంది. ఎక్కువ చేతుల్లో నలిగిన పుస్తకమే ముందుగా మాయమవుతుంది. కాబట్టి ముందు ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీయండి. తర్వాత పుస్తకాన్ని తంజావూరు సరస్వతీ మహల్‌కో, వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో చేర్చండి. పాత కాగితాలాయన తక్కెడ పైకెత్తే ముందు ఒక్కసారి పేజీలు తిప్పి చూడండి.